నల్లడబ్బా, ఎర్రడబ్బా, అత్తమ్మ బాప్తిస్మం

ఇది నేను పాడుచేసిన ఒక పని కథ. నేను పాడుచేసిన పనులు చాలానే ఉన్నాయి గానీ, ఇది మనిషి బతుకులో ఒక్కసారే జరిగే పని. పొరపాటైంది, మళ్లీ చేద్దామంటే కుదరదు. పైగా మా అత్తమ్మ నలభై ఏళ్లు వాయిదా వేసి వేసి చివరికి ఒప్పుకున్న పని. దాన్ని నేను ఒంటిచేత్తో, అంటే ఫోను పట్టుకున్న చేత్తో, నాశనం చేశాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి. మా ఇంట్లో అందరూ ఎప్పుడో నవ్వేశారు, నాకే కొంచెం ఆలస్యమైంది.

అప్పట్లో నేను నల్లడబ్బా మనిషిని. కంపెనీ పేరు చెప్పను. జీతం లేకుండా ఆ కంపెనీకి నేను చేసిన ప్రచారం ఇప్పటికే చాలా ఎక్కువ. ఫోను నల్ల డబ్బాలో వచ్చేది, అందుకని మా ఇళ్లల్లో దాని పేరు నల్లడబ్బా. మా తోడల్లుడు ప్రభుదాసు, అంటే నా భార్య రూతు వాళ్ల అక్కని చేసుకున్నాయన, ఎర్రడబ్బా మనిషి. నేను బంటింగులో ప్లాస్టిక్ మూతల ఫ్యాక్టరీలో, మూతలు సరిగ్గా బిగుస్తున్నాయా లేదా అని చూసే ఉద్యోగిని. ఆయన క్లాంగులో ఒక గోదాములో సూపర్‌వైజరు. ఫోను లోపల ఏముంటుందో మా ఇద్దరికీ తెలియదు. అయినా ఆదివారం ఆరాధన ముగిసి భోజనాలకి కూర్చుంటే చాలు, ఆ రెండు ఫోన్లనీ మేమే స్వయంగా తయారుచేసి పంపినట్టు మాట్లాడుకునేవాళ్లం.

"తమ్ముడూ, మా దాన్లో జూమ్ సూసినావా? రోడ్డుకి అవతలున్న మోటారుసైకిలు నంబరు సదివేయొచ్చు."

"సదివి ఏటి సేస్తావన్నా? ఆ మోటారుసైకిలు నీదా?"

"నీ దాన్లో అసలు మోటారుసైకిలే కనబడదు లా."

"నాది సముద్రంలో పడినా బతుకుద్ది. నీది వాన సినుకు పడితే ఆస్పత్రికి పోద్ది."

ఇలా సాగేది. మాట చివర ఆ "లా" ఇక్కడి మలయ్ మాటల్లోంచి మాకందరికీ అంటుకున్న అలవాటు. మధ్యలో కోడికూర గిన్నెని ఆయన ఒకసారి, నేను ఒకసారి ఫోటో తీసి, ఎవరి ఫోటోలో ముక్క ఎర్రగా ఉందో తేల్చమని ఆడవాళ్ల ముందు పెట్టేవాళ్లం. తేల్చేలోపు కూర చల్లారిపోయేది. రూతు పుట్టినరోజు నాకు గుర్తుండేది కాదు గానీ, నల్లడబ్బా కొత్త మోడలు వచ్చే తారీకు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. అలాంటి మనిషితో కాపురం చేసినందుకు ఆవిడకి ఎవరైనా సన్మానం చెయ్యాలి.

ఇక అత్తమ్మ సంగతి. మా అత్తమ్మ రాహేలమ్మకి నీళ్లంటే భయం. స్నానానికి సైతం బకెట్టు సగమే పట్టుకుంటారు. వానకి వీధి కాలవ పొంగితే, అది తగ్గేదాకా గుమ్మం దిగరు. పుట్టినప్పట్నుంచీ చర్చికి వెళ్తున్నారు, పాటలన్నీ నోటికొచ్చు, ప్రార్థన మొదలుపెడితే పాస్టరు అయ్యగారి కంటే బాగా చేస్తారు. కానీ బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. మా సంఘంలో బాప్తిస్మమంటే నెత్తిమీద నాలుగు చుక్కలు చల్లడం కాదు, మనిషిని నిలువునా నీళ్లల్లో ముంచి లేపడం.

అత్తమ్మకి ఒక అక్క ఉన్నారు, సుందరమ్మగారు. మాకు పెద్దత్త. తెలుక్ ఇంటాన్‌లో కొడుకు దగ్గర ఉంటారు. ఇద్దరూ ఆ పక్క ఎస్టేట్ తోటల్లోనే పుట్టి పెరిగారు. ప్రతి శనివారం పొద్దున్నే పెద్దత్త ఫోను చేసేవారు. కుశలప్రశ్నలు తర్వాత, ముందు అసలు ప్రశ్న.

"మునిగినావేటే?"

"ఈ ఏడు కాదప్పా. వచ్చే ఏడు."

అక్కని "అప్పా" అనడం అత్తమ్మ పుట్టింటి అలవాటు. ఈ సంభాషణ నలభై ఏళ్లు ఒక్క మాట మారకుండా నడిచింది. ఆ తర్వాత పెద్దత్త జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. మంచం దిగే పరిస్థితి పోయింది. ఆ శనివారం ఫోను చేసి, "నాను పోకముందు మునుగుతావా, పోయినాక మునుగుతావా? అది సెప్పు సాలు" అన్నారు. అత్తమ్మ ఆ సాయంత్రమే అయ్యగారి ఇంటికి వెళ్లి పేరిచ్చి వచ్చారు.

పెద్దత్త ఒకే ఒక్క కోరిక కోరారు. "నువ్వు నీళ్లల్లోంచి లేసినప్పుడు నాను సూడాల. నాను రాలేను గదా. మీ అల్లుళ్ల ఫోన్లు అంతంత పెద్దవి గదా, అందులో పట్టి సూపించమను."

చూడండి, ఎంత చిన్న పనో. ఇద్దరు అల్లుళ్లు, రెండు ఫోన్లు, ఒక్క క్షణం.

దీని మీద మా ఇంట్లో సమావేశం జరిగింది. రూతు మొదటి నిమిషంలోనే తేల్చేసింది. "వీడియో కాల్ సేసేయండి. పెద్దమ్మ మంచం మీంచే సూసేస్తాది. అయిపోయె."

నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నాకే నా చెంప వాయించాలనిపిస్తుంది. "వీడియో కాలా? ముక్కలు ముక్కలుగా, మసక మసగ్గానా? నలభై ఏళ్లకి ఒకసారి జరిగేదానికా? నాది రికార్డు సేసిందంటే ఒక్కొక్క నీటిబొట్టూ ఏరేఏరుగా కనబడతాది."

"అవును, కాల్ వద్దు లా," అన్నాడు ప్రభుదాసు. "నా జూముతో తీస్తాను. అత్తమ్మ కంటి రెప్ప కూడా లెక్కెట్టొచ్చు."

మేమిద్దరం ఒక విషయంలో ఏకాభిప్రాయానికి రావడం అదే మొదటిసారి. ఏదో కొంప మునగబోతోందని అప్పుడే అర్థంచేసుకోవాల్సింది.

అత్తమ్మ ఇంకొకటి అడిగారు. "తీసినాక మీరెవులూ సూడొద్దు బాబూ. ముందు అప్ప సూడాల. అప్ప సూసినాకే మనం." ఇద్దరం బైబిలు మీద చెయ్యి వేసినంత గట్టిగా మాటిచ్చాం. తీసింది టీవీలోకి ఎక్కించి, పెద్ద తెర మీద చూపిస్తామని కూడా చెప్పాం. పెద్ద తెర ఆలోచన నాదే.

బాప్తిస్మం మోరిబ్ సముద్రంలో. ఆ సముద్రం సంగతి తెలియని వాళ్లకి చెప్పాలి. పోటు మీదున్నప్పుడు ఒడ్డుదాకా వచ్చి బుద్ధిగా ఉంటుంది. తగ్గడం మొదలుపెట్టిందంటే బురద మిగిల్చి ఎక్కడికో వెళ్లిపోతుంది. అయ్యగారు పోటు చూసుకుని పొద్దున్న సమయం పెట్టారు. మేం వెళ్లేసరికి ఒడ్డుకి దగ్గర్లోనే నడుము లోతు నీళ్లున్నాయి. అత్తమ్మ తెల్లచీర కట్టుకుని, అయ్యగారి భార్య చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. ఆ పట్టుకి ఆవిడ వేళ్లు నాలుగు రోజులు నొప్పెట్టాయట.

అంతా సిద్ధం. అప్పుడు మేం మొదలుపెట్టాం.

"అన్నా, నువ్వు ఒడ్డునే ఉండు. నీది నీళ్లకి ఆగదు. నేను లోపలికెల్లి దగ్గర్నుంచి తీస్తాను."

"నువ్వు లోపలికెల్తే నా జూముకి అడ్డమొస్తావు."

"అంత జూమున్నోడివి, నన్ను దాటి తీయలేవా?"

"జూమంటే దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి తెస్తాది లా. మనిషిని తీసి పక్కనెట్టదు."

"అయితే నువ్వు కూడా నీళ్లల్లోకి రా. ఓ, రాలేవు గదా. వాన సినుక్కే ఆస్పత్రి."

"నీది నీళ్లకి ఆగుద్దని డబ్బా మీద రాసింది సదివినావు. ఎప్పుడైనా ముంచి సూసినావా?"

ఎప్పుడూ ముంచలేదు. కానీ సంఘమంతా చూస్తుండగా ఆ ప్రశ్న అడిగాక ఊరుకుంటే నల్లడబ్బా పరువేం కావాలి? గబగబా నీళ్లల్లోకి దిగి, ఫోనుని ముంచి, పదిదాకా లెక్కపెట్టి పైకి తీశాను. వెలుగుతోంది. చెయ్యెత్తి గుండ్రంగా తిరిగి అందరికీ చూపించాను. ఆ ఉదయం మోరిబ్‌లో మొదటి బాప్తిస్మం నా ఫోనుది.

"అయ్యా, నీళ్లు పోతన్నాయి," అన్నారు అయ్యగారు. మేం వినలేదు. అరగంట నుంచీ ఎండ ఏ వైపు నుంచి పడాలన్న దాని మీద ఉన్నాం. ఆయన ఈసారి "సీక్రం, సీక్రం" అని తమిళంలో తొందరపెట్టారు. ఆయన తమిళంలోకి దిగారంటే కోపమొచ్చిందని అర్థం. తిరిగి చూస్తే నడుము లోతు నీళ్లు మోకాళ్ల లోతుకి వచ్చేశాయి. మోకాళ్ల లోతులో మనిషిని ముంచలేరు. ఇంకా లోపలికి నడవాలి.

అత్తమ్మ సముద్రం వైపు చూశారు. తర్వాత మా వైపు చూశారు.

"ఇంకా దూరమా బాబూ?"

"పరవాలేదత్తమ్మా, నా ఫోను మీ పక్కనే ఉంటాది," అన్నాను. నేనుంటాను అనలేదు, గమనించండి. ఫోను ఉంటుందన్నాను.

ఆవిడ నడిచారు. బురదలో అడుగు దిగబడుతుంటే, కళ్లు గట్టిగా మూసుకుని, పెదాలు కదుపుతూ నడిచారు. మా వాదన వల్ల ఆ పెద్దావిడ భయం అంత పొడుగున సాగింది. అది అప్పుడు నా బుర్రకి తట్టలేదు. అప్పుడు నా బుర్రలో ఉన్నది ముందుమాట. అవును, వీడియోకి ముందుమాట. ఫోను నా వైపు తిప్పుకుని, ముందు కెమెరాలో, "ఈ వీడియో మీకు చూపిస్తున్నది నల్లడబ్బా" అని మొదలెట్టి, రెండు మాటలు మాట్లాడి, కెమెరా మార్చే గుర్తు మీద వేలితో నొక్కాను.

ఇక్కడ నల్లడబ్బా డబ్బా మీద రాయని ఒక సంగతి ఉంది. ఫోను నీళ్లకి ఆగుతుంది, నిజమే. కానీ తడి వేలితో నొక్కితే తెర పట్టించుకోదు. పైగా ఎండ తెర మీద పడి అది నల్లటి పలకలా ఉంది. మూలన రికార్డవుతున్న చుక్క మాత్రం కళ్లు చికిలించి చూస్తే కనిపిస్తోంది. అది చాలనుకున్నాను. నల్లడబ్బా నా మాట విననిదెప్పుడు?

ముంచే ముందు అయ్యగారు త్రియేక నామం పలికారు. నేను తెరలో చుక్క ఆరిపోకుండా చూస్తూ, "అన్నా, బాగా వస్తోంది, నువ్వింక మూసేసుకో!" అని ఒడ్డుకి కేకేస్తున్నాను. నీళ్లు చప్పుడయ్యాయి. జనం హల్లెలూయ అన్నారు. నేను ఫోను దించేసరికి అత్తమ్మ లేచి నిలబడి, నీళ్లు కారుతూ నవ్వుతున్నారు. అయిపోయింది. నలభై ఏళ్ల పని అయిపోయింది, అల్లుడు పక్కనే ఉండి చూడలేదు.

తడి జుట్టు కూడా ఆరకముందే కారెక్కి తెలుక్ ఇంటాన్ బయల్దేరాం. ప్రభుదాసు తోలుతున్నాడు. అత్తమ్మ వెనక సీట్లో, బడిలో బహుమతి గెలిచిన పిల్లలా కూర్చున్నారు. క్వాలా సెలంగోర్ దాటాక ఒకసారి, సబాక్ బెర్నామ్ దగ్గర ఒకసారి ముందుకి వంగి అడిగారు.

"బాబూ, నా మొకం బాగా పడిందా?"

"ఒక్కొక్క బొట్టూ పడిందత్తమ్మా," అన్నాను రెండుసార్లూ.

పెద్దత్త మమ్మల్ని చూడగానే మంచం మీదే కొంచెం లేచారు. తలకి నూనె రాయించుకుని, ఉతికిన జాకెట్టు తొడిగించుకుని, కళ్లద్దాలు తుడిపించుకుని సిద్ధంగా ఉన్నారు. మంచానికెదురుగా టీవీ. ఎవరి ఫోను ముందు కలుస్తుందన్న దాని మీద మళ్లీ ఒక చిన్న గొడవ. నాదే ముందు కలిసింది. ప్రభుదాసు వైపు ఒక చూపు చూసి నొక్కాను.

టీవీ నిండా నా మొహం.

"ముందుమాట లెండి," అన్నాను. అందరూ ఓపికగా చూశారు. ముందుమాట అయిపోయింది. నా మొహం పోలేదు. ముక్కు మీద చెమట, పళ్ల మధ్య పొద్దున తిన్న దోసెలో కరివేపాకు, అన్నీ కళ్లకి కట్టినట్టున్నాయి. ఒక్కొక్క నీటిబొట్టూ వేరువేరుగానే కనిపిస్తోంది, కాకపోతే అవి నా కనుబొమల మీద ఉన్నాయి. నా భుజం వెనకాల, ఒడ్డున, ఇంత చిన్నగా ప్రభుదాసు, ఫోను నాకేసి గురిపెట్టి.

వీడియో అయిపోయింది. పెద్దత్త కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఈడికి మల్లీ ఇచ్చినారేటి బాప్తిస్మం?"

"లేదు పెద్దత్తా, అది..."

"తమ్ముడూ, లే," అన్నాడు ప్రభుదాసు. ఆ గొంతులో ఎన్ని ఆదివారాల పగ ఉందో నాకొక్కడికే తెలుసు. "ఇప్పుడు సూడండి పెద్దత్తా, అసలైన జూము."

నొక్కాడు. టీవీ నిండా నా వీపు. అద్భుతమైన జూము. చొక్కా కాలరు పైకి మడతపడి, సైజు చీటీ బయటికొచ్చింది. దాని మీద ఎల్ అన్న అక్షరం, దాని కింద చల్లని నీళ్లల్లో ఉతకమన్న సూచన కూడా చదవొచ్చు. నా చెవి పక్కన అప్పుడప్పుడు తెల్లచీర కొంగు ఒకటి మెరిసి మాయమయ్యేది. అంతే. ప్రపంచంలోని రెండు గొప్ప కంపెనీలు కలిసి, ముందు నుంచి ఒకరు, వెనక నుంచి ఒకరు, నన్ను పూర్తిగా తీశాయి. అత్తమ్మ ఎక్కడా లేరు.

రూతు నన్ను చూడలేదు. అది తిట్టడం కంటే ఎక్కువ. ప్రభుదాసు ఫోనుని జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి, మళ్లీ పెట్టుకున్నాడు.

అత్తమ్మ చిన్న గొంతుతో, "నాను మల్లీ దిగలేనప్పా," అన్నారు. "అయ్యగారు రెండోసారి ఇవ్వరు కూడా. నిజంగా మునిగినానప్పా. ఈల్లందరూ సూసినారు."

ఆ మాట వింటుంటే నాకు నిజంగా ఏడుపొచ్చింది. ఆవిడ తన బాప్తిస్మానికి సాక్ష్యం వెతుక్కుంటున్నారు, సాక్ష్యం పట్టుకురావాల్సినవాణ్ని నేను. వీడియో కాల్ చేసి ఉంటే మసగ్గానైనా కనిపించి ఉండేవారు. నేను తల దించుకుని, "తప్పు నాదే అత్తమ్మా," అన్నాను. పెళ్లయ్యాక ఆవిడతో ఆ మాట అనడం అదే మొదలు.

పెద్దత్త టీవీ వైపు వేలు చూపించారు.

"ఆ మొదటిది మల్లీ ఎయ్యి."

"పెద్దత్తా, అందులో నా మొకమే ఉంది."

"నీ మొకం ఎవులిక్కావాల? నాను కల్లు మూసుకుంటాను. నువ్వు ఎయ్యి."

వేశాను. ఆవిడ కళ్లు మూసుకున్నారు. అత్తమ్మ కూడా మూసుకున్నారు. గదిలో కళ్లు తెరుచుకుని నా మొహం చూస్తున్నది నేనొక్కణ్నే. ముందు అలల చప్పుడు, తర్వాత నా పిచ్చివాగుడు, అయ్యగారి గొంతు, దభేలుమని నీళ్లు. ఒక క్షణం ఏమీ లేదు. ఆ వెనకే, నా కేకల వెనక, ఊపిరి అందుకుంటూ ఒక అరుపు.

"అప్పా!"

అయ్యగారు ఆమేన్ అనమని నేర్పారు. ఈవిడ అన్నది ఆమేన్ కాదు. పక్కనే నిలబడి నేను వినలేదు. అన్న ఆవిడకే తెలియదు.

"నాను అలా అరిసినానా?" అన్నారు అత్తమ్మ కళ్లు తెరిచి.

పెద్దత్త కళ్లు మూసుకునే ఉన్నారు. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. "ఎస్టేట్ కాలవలో పడినప్పుడు ఇలాగే అరిసినావు. ఐదేళ్లదానివి. జుట్టు పట్టి లాగినాను నిన్ను. ఇప్పుడెవులు లాగినారే?" అన్నారు. అత్తమ్మ మంచం మీద కూర్చుని అక్క చెయ్యి పట్టుకున్నారు. తడి జుట్టు ఇంకా ఆరలేదు. పెద్దత్త ఆ జుట్టులోకి వేళ్లు పోనిచ్చి, "మల్లీ ఎయ్యి," అన్నారు నాతో.

ఆ మధ్యాహ్నం ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. భోజనాలకి పిలుపొచ్చినా వినకుండా అక్కాచెల్లెళ్లు వింటూనే ఉన్నారు. ఇప్పటికీ ఆ ఇంటికి ఎవరొచ్చినా ఆ వీడియో పెడతారు. "ఈడి మొకం సూడకండి, కల్లు మూసుకోండి" అని ముందే హెచ్చరిస్తారు. తెలుక్ ఇంటాన్‌లో కళ్లు మూసుకుని చూడవలసిన మొహంగా నాకొక పేరుంది. మార్కెట్లో నేను ఎరగనివాళ్లు కూడా నన్ను చూసి కళ్లు మూసుకుని నవ్వుతారు.

కాబట్టి బంధుమిత్రులకు, సంఘస్తులకు, మూతల ఫ్యాక్టరీలోని తోటి ఉద్యోగులకు తెలియజేయడమేమనగా, నేను ఇకమీదట ఏ ఫోను గురించీ మంచి గానీ చెడ్డ గానీ ఒక్క ముక్క మాట్లాడను. ఎవరైనా నా ఫోను ఎలా ఉందని అడిగితే, మోగుతుంది అని మాత్రం చెబుతాను. నీటి దగ్గర ఎవరికైనా ఏదైనా జరుగుతుంటే, ఫోను జేబులో పెట్టి, రెండు కళ్లతో చూస్తాను. ఇది ఆ సాయంత్రమే పెద్దత్త బైబిలు మీద నిజంగానే చెయ్యి వేసి చేసిన ప్రమాణం, రూతు పక్కన నిలబడి వేయించింది.

అయితే తిరుగుప్రయాణంలోనే దానికి పరీక్ష వచ్చిందని ఒప్పుకోవాలి. సబాక్ బెర్నామ్ దాటాక, కారు తోలుతున్న ప్రభుదాసు గొంతు సవరించుకున్నాడు.

"తమ్ముడూ, ఒకటి సెప్పాల. అంత గోలలో అత్తమ్మ అరుపుని పట్టింది సూడు, నీ నల్లడబ్బా మైకు మాత్రం మా దాని కంటే మంచిదే లా."

ఇన్నేళ్లలో ఆయన నోటినుంచి ఆ మాట వినాలని ఎంత తపించానో దేవుడికే తెలుసు. నోరు తెరిచాను. అందులో మూడు మైకులున్నాయని, గాలి హోరుని అవి ఎలా తగ్గిస్తాయో కూడా నాకు కంఠతా వచ్చని చెప్పడానికి ఊపిరి కూడా పీల్చాను. రూతు నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"మోగుద్దన్నా," అన్నాను.